దూరంగా పెట్టడం వేరు, పారెయ్యడం వేరు



ఈ నెల గోడపత్రికకు పరిశుభ్రత గురించి గానీ, పరీక్షల భయం గురించి గానీ రాయమన్నారు. నేను వంటింటి వెనక కట్టెల కొట్టంలో ఉన్న కుక్కపిల్ల గురించి రాస్తున్నాను. దయచేసి నవ్వకండి. దాన్ని ఏం చేయాలో ఈ ఆదివారం తేల్చేయాలని మేడమ్ చెప్పినారు. తేల్చే ముందు అందరి మాట వింటానని కూడా చెప్పినారు. పది మందిలో లేచి నిలబడి మాట్లాడాలంటే నాకు నోరు రాదు. కాబట్టి నా మాట ఈ కాగితం మీద రాస్తున్నా.

నా అభిప్రాయం ఒక్క ముక్కలో ఇది. జబ్బు చేసిన ప్రాణిని దూరంగా పెట్టడం వేరు, పారెయ్యడం వేరు. దూరంగా పెట్టడం జాగ్రత్త. పారెయ్యడం అన్యాయం. ఈ రెంటినీ మనం కలిపేస్తున్నాం.

జరిగిన సంగతి చాలామందికి సగం సగమే తెలుసు. రెండు వారాల కిందట ప్లేట్లు కడిగే నీళ్లు పారే కాలవ పక్కన మూడు కుక్కపిల్లలు కనపడినాయి. వయసు రెండు నెలలు, రెండున్నర నెలలు ఉంటుంది. రెండు అప్పటికే చనిపోయి ఉన్నాయి. మూడోది వాంతి చేసుకుంటా, నెత్తురు విరేచనాలు అవుతా పడి ఉంది. ఆ కంపు ఎట్లాంటిదో చూసినోళ్లకు తెలుసు. కొందరు గోతాంలో వేసి గోడ అవతల పడేద్దాం అన్నారు. కొందరు చిన్న పిలకాయలు ఏడ్చి, దాన్ని డార్మెటరీలో మంచం కింద పెట్టుకుంటాం అన్నారు. నన్నడిగితే రెండూ తప్పే. గోడ అవతల పడేస్తే అది చస్తుంది, దాని జబ్బు రోడ్డు మీద ఇంకో పది కుక్కలకు పోతుంది. మంచం కింద పెట్టుకుంటే ఆ మురికి మన దుప్పట్లకు, మన చేతులకు అంటుతుంది.

మేడమ్ మూడో దారి చూపించినారు. వాచ్‌మన్ అన్న దాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని మోపెడ్ మీద పశువుల ఆసుపత్రికి తీసుకుపోయినాడు. తోడు నేనూ, పదో తరగతి అక్క ఒకామె పోయినాం. డాక్టరు గారు చూసి పార్వో అన్నారు.

పార్వో అంటే ఒక వైరస్. 1978లో దీన్ని మొదటిసారి గుర్తించినారంట. రెండేండ్లు తిరిగేలోపల ప్రపంచమంతా పాకింది. ఎక్కువగా ఆరు వారాల నుంచి ఆరు నెలల లోపు పిల్లలకు వస్తుంది. పేగుల లోపలి పొరను తినేస్తుంది. అందుకే నెత్తురు పడుతుంది. ఒంట్లో నీళ్లన్నీ పోతాయి. వైద్యం లేకపోతే చాలా పిల్లలు రెండు మూడు రోజుల్లోనే పోతాయి. సమయానికి వైద్యం అందితే ఎక్కువ శాతం బతుకుతాయి. మనం అందరం తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. కుక్కల పార్వో మనుషులకు అంటదు. మన హాస్టల్లో సగం భయం ఈ ఒక్క మాట తెలియకపోవడం వల్లనే వచ్చింది.

ఈ వైరస్‌ను చంపే మందు మామూలు వైద్యంలో లేదు. సెలైన్ ఎక్కించి పోయిన నీళ్లు మళ్లీ ఒంట్లోకి చేర్చాలి. వాంతులు ఆగడానికి సూది వేయాలి. వేరే జబ్బు మీద పడకుండా సూది వేయాలి. వెచ్చగా, శుభ్రంగా, వేరేగా ఉంచాలి. పేగు తిరిగి మానేదాకా ప్రాణం నిలబెట్టాలి. అంతే వైద్యం. అంటే సూది ఎంత ముఖ్యమో, పక్కన ఉండే మనిషి అంత ముఖ్యం.

అయిదు రోజులు సెలైన్ పెట్టించినారు. ఆరో రోజు అది లేచి రోంత గంజి నాకింది. ఇప్పుడు నడుస్తా ఉంది గానీ వెనక కాళ్లు ఇంకా తూలుతున్నాయి. ఇది దయ్యం, దిష్టి కాదు. ఎవరి అదృష్టమూ కాదు. పద్ధతిగా చేసిన పని.

వేరేగా పెట్టి బతికించడం కొత్త సంగతేమీ కాదు. మన పాత చిత్తూరు జిల్లాలోనే దానికి పెద్ద ఉదాహరణ ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1912లో క్షయరోగుల కోసం శానిటోరియం స్థాపించినారు. అప్పటికి టీబీని చంపే మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. మరి ముప్ఫై ఏండ్లు మందు లేకుండా ఏం చేసినారు? రోగులను ఊరికి దూరంగా పెట్టినారు. కానీ పారెయ్యలేదు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి ఇచ్చి, పక్కన డాక్టర్లను, నర్సులను పెట్టినారు. ఊరి పేరే ఆరోగ్యవరం అయింది.

మనం చిన్నప్పుడు 2020లో కరోనా వచ్చింది. తిరుపతిలో యాత్రికులు దిగే విష్ణు నివాసం, శ్రీనివాసం లాంటి సత్రాలను కరోనా కేంద్రాలు చేసినారు. జబ్బు వచ్చినోళ్లను ఇంటి నుంచి వేరు చేసి ఆడ పెట్టినారు. అన్నం పెట్టినారు, మందులు ఇచ్చినారు, తగ్గినాక ఇంటికి పంపినారు. అది దూరంగా పెట్టడం. అదే సమయంలో కొన్ని ఊళ్లలో జబ్బు ఉందని సొంత మనుషులనే గుమ్మం తొక్కనీయలేదు. అది పారెయ్యడం. తేడా చూడండి.

మన హాస్టల్ సంగతే తీసుకోండి. పోయిన ఏడాది అయిదో తరగతి చెల్లికి ఒకామెకు ఒళ్లంతా గజ్జి వచ్చింది. సిస్టరమ్మ ఆమెకు వేరే చాప, వేరే టవలు ఇచ్చి, ఒంటికి లోషన్ పూసి, బట్టలు వేడి నీళ్లలో ఉతికించింది. అది సరైన పని. కొందరు పిలకాయలు ఆమెకు పేరు పెట్టి, తగ్గిపోయినాక కూడా పక్కన కూర్చోలేదు. చర్మం మానడానికి రెండు వారాలు పట్టింది. ఆమె నవ్వడానికి మాత్రం దసరా సెలవుల దాకా పట్టింది. కుక్కపిల్ల దగ్గర మనం ఏది నేర్చుకుంటామో, రేపు పక్క మంచం దగ్గర అదే చేస్తాం. అందుకే ఇది ఒక కుక్కపిల్ల సంగతి మాత్రమే కాదంటున్నా.

ఇంక ఎదురు మాటలకు వస్తాను. ఎదురు చెప్పేవాళ్లు చెడ్డోళ్లు కారు. వాళ్ల మాటల్లోనూ నిజం ఉంది.

మొదటి మాట, మనుషులకే మందులు లేవు, కుక్కకు సెలైనా అని. ఈ మాట మంచి స్నేహితురాలే నాతో అనింది. ఆమె తమ్ముడికి జ్వరం వచ్చినప్పుడు బస్సు చార్జీ లేక ఆలస్యం అయింది. ఆమె బాధ నాకు తెలుసు. కానీ ఈ మాటను నేను వేరే రూపంలో కూడా విన్నాను. మేము యానాదులం. మా నాయన మామిడి తోటకు కాపలా. మా ఇంట్లో నాకంటే ముందు ఎవరూ బడికి పోలేదు. నన్ను హాస్టల్లో చేర్చేటప్పుడు ఊళ్లో ఒక పెద్దాయన మా నాయనతో, పెద్దోళ్ల పిలకాయలకే ఉద్యోగాలు లేవు, నీ బిడ్డకు చదువెందుకురా అన్నాడు. రెండు మాటలూ ఒకటే అచ్చులో పోసినట్టు ఉన్నాయి. పైవాళ్లకు చాలలేదు కాబట్టి కిందివాళ్లకు అక్కరలేదు అని. ఆ లెక్క ప్రకారం పోతే కిందివాళ్ల వంతు ఎప్పటికీ రాదు. మనుషులకు మందు చాలకపోతే మనుషులకు ఇంకా మందు కావాలని గట్టిగా అడుగుదాం. నేనూ వస్తాను. కుక్కపిల్ల సెలైన్ ఆపినందువల్ల ఎవరి తమ్ముడికీ బస్సు చార్జీ రాదు.

రెండో మాట, కుక్క కరిస్తే పిచ్చి ఎక్కుతుంది, చిన్న పిల్లలు ఉన్న చోట వద్దు అని. ఈ భయం శానా సరైన భయం. రేబిస్ లక్షణాలు బయటపడినాక మనిషి బతకడం దాదాపు లేదు. కుక్కపిల్ల కరిచినా, గీరినా లెక్కే. చిన్నదే కదా అని వదలకూడదు. వెంటనే పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు పెట్టకూడదు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి పోయి టీకా వేయించుకోవాలి. డాక్టరు చెప్పిన తేదీలన్నీ పూర్తి చేయాలి. ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ 1885 జూలై 6న జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేండ్ల పిల్లోడికి మొదటిసారి ఈ టీకా మొదలుపెట్టినాడు. ఆ పిల్లోడు బతికినాడు. పాశ్చర్ చనిపోయిన సెప్టెంబరు 28ని ప్రపంచ రేబిస్ దినంగా జరుపుతారు. భయం ఉన్న చోట టీకా ఉంది. మరి టీకా వేయని కుక్క గోడ లోపల ఉన్నా గోడ అవతల ఉన్నా మనకు ప్రమాదమే. మనం బడి నుంచి బయటికి పోయే దారి ఆ గోడ అవతలనే కదా. టీకా వేసిన కుక్క వల్ల ఆ ప్రమాదం తగ్గుతుంది. పిల్లల దగ్గరికి పోనీయకుండా చూసుకోవడం మన పని.

మూడో మాట, కోర్టే బడుల్లో కుక్కలు వద్దనింది అని. నిజమే. సుప్రీంకోర్టు 2025 నవంబరు 7న ఇచ్చిన ఆదేశంలో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి వీధి కుక్కలను తీసేయాలని చెప్పింది. నేను దానికి ఎదురు చెప్పడం లేదు. ఈ కుక్కపిల్ల ఎప్పటికీ మన హాస్టల్లోనే ఉండాలని నేను అడగడం లేదు. కానీ ఆ ఆదేశంలో ఆపరేషన్ చేసి, టీకా వేసి, షెల్టరుకు చేర్చాలని ఉంది. గోతాంలో కట్టి రోడ్డు పక్కన పడేయమని లేదు. 1960లో వచ్చిన జంతువుల మీద క్రూరత్వ నిరోధక చట్టం ప్రకారం, ఆకలితో దాహంతో బాధపడేటట్టు జంతువును వదిలెయ్యడం నేరం. మన రాజ్యాంగంలో 1976లో చేర్చిన ప్రాథమిక విధుల్లో, 51ఎ లో, ప్రాణుల మీద దయ చూపడం ప్రతి పౌరుని విధి అని ఉంది. సాంఘిక శాస్త్రంలో దాన్ని మార్కుల కోసం బట్టీ పడతాం. ఇప్పుడు పరీక్ష కట్టెల కొట్టంలో వచ్చింది.

దయ అంటే ఏమిటో కూడా ఒక మాట రాస్తాను. అయ్యో పాపం అనడం అందరికీ వచ్చు. మొదటి రోజు కుక్కపిల్లను చూడటానికి నలభై మంది వచ్చినారు. మూడో రోజు విరేచనం ఎత్తిపోయడానికి నలుగురం మిగిలినాం. అది ఎవరినీ తిట్టడానికి రాయలేదు. దయ ఒక్కరి మీద పడితే బరువు. వంతులు వేసుకుంటే తేలిక. మన మరుగుదొడ్లు, మన భోజనశాల వంతుల మీదనే కదా నడుస్తున్నాయి. ఇదీ అంతే.

మద్రాసు మనకు దగ్గరే. ఆడ 1959లో కెప్టెన్ వి. సుందరం అనే పైలట్ గారు వాన నీళ్లలో కొట్టుకుపోతున్న రెండు కుక్కపిల్లలను చూసి ఇంటికి తెచ్చి సాకినారు. ఆయన కుటుంబం అట్లా మొదలుపెట్టిన పనే బ్లూక్రాస్ ఆఫ్ ఇండియా అయింది. హైదరాబాదులో 1992లో సినిమా నటి అమల గారు అక్కడి బ్లూక్రాస్ మొదలుపెట్టినారు. రెండు కుక్కపిల్లలతో మొదలైన పని వేల ప్రాణుల దాకా పోయింది. మనకు తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది. 2005 నుంచి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. పశువుల డాక్టరు చదువు మన జిల్లాలోనే ఉందని మనలో ఎంతమందికి తెలుసు? మా వాళ్లకు ఎలుకల బొరియలు తెలుసు, పాముల జాడ తెలుసు, ఆకుల గుణం తెలుసు, కుక్క చెవి కదిలితే ఏమొచ్చిందో తెలుసు. ఆ తెలివికి సైన్సు తోడైతే మనలో ఒకరు ఆ కాలేజీలో తెల్లకోటు వేసుకోలేరా? పక్కనున్న శ్రీకాళహస్తి పేరులో శ్రీ అంటే సాలెపురుగు, కాళ అంటే పాము, హస్తి అంటే ఏనుగు. మూడు నోరులేని జీవాల పేరు పెట్టుకున్న ఊరి పక్కన మనం చదువుకుంటున్నాం.

ఇప్పుడు అసలు అడగాల్సింది అడుగుతాను. ఆదివారం దాన్ని పంపించకుండా ఇంకా మూడు వారాలు గడువు ఇవ్వాలని మేడమ్ గారిని ప్రార్థిస్తున్నాను. కారణాలు ఇవి.

ఒకటి. జబ్బు తగ్గినాక కూడా కొన్ని వారాల దాకా విరేచనంలో వైరస్ పోతా ఉండొచ్చు. వంట అక్క వాళ్ల ఊళ్లో మామిడి తోటకు కుక్క కావాలంట, దీన్ని తీసుకుంటాం అంటున్నారు. కానీ ఆ ఇంట్లో సూదులు వేయని రెండు చిన్న కుక్కపిల్లలు ఉన్నాయి. ఇప్పుడే పంపితే మనం బతికించిన ఒక ప్రాణంతో రెండు ప్రాణాలు పోవచ్చు. ఈ మూడు వారాల్లో ఆ రెంటికీ సూదులు మొదలుపెట్టించుకోమని వాళ్లకు చెప్పొచ్చు.

రెండు. దీనికి ఇంకా సూదులు కావాలి. పార్వో మళ్లీ రాకపోవచ్చు గానీ డిస్టెంపర్ లాంటి వేరే జబ్బులు ఉన్నాయి. మూడు నెలలు నిండినాక రేబిస్ టీకా వేయాలి. మూడు వారాలు ఉంటే ఆ వయసు వస్తుంది. టీకా చీటీతో పంపితే తీసుకునేవాళ్లకు ధైర్యం, మనకు నిశ్చింత.

మూడు. తూలే కాళ్లతో రోడ్డు మీదికి పోతే లారీ కింద పడుతుంది. ప్రాణం పోసి కాళ్లు గట్టిపడకముందే వదిలేస్తే సగం పనే చేసినట్టు. ఒక ఇల్లు దొరికితేనే పని పూర్తి అయినట్టు.

ఆ మూడు వారాలు ఎట్లా నడపాలో కూడా రాస్తున్నా. కట్టెల కొట్టం తలుపు గడియ పెట్టే ఉంచాలి. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు, ఇంకా చిన్న చెల్లెళ్లు లోపలికి పోకూడదు. తొమ్మిది, పది తరగతుల నుంచి రోజుకు ఇద్దరు వంతు. పొద్దన్నే ఒకసారి, మాపటేళ ఒకసారి. చేతులకు కవర్లు తొడుక్కుని విరేచనం తీసి గుంతలో పూడ్చాలి. నేలకు ఫినాయిలు పోస్తే సరిపోదు, పార్వో ఫినాయిలుకు సరిగా చావదు. మురికి కడిగేసి, బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచాలి. ఆ పౌడర్ నీళ్ల ట్యాంకు కోసం మన దగ్గర ఎట్లాగూ ఉంటుంది. నేల ఆరేదాకా కుక్కపిల్లను దాని మీదికి వదలకూడదు. మట్టిలో ఈ వైరస్ నెలల తరబడి, ఏడాది దాకా కూడా ఉండగలదు. అందుకని కాలవ పక్కన చచ్చిన పిల్లలు పడి ఉన్న చోట కూడా పోయాలి. బయటికి వచ్చినాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఆ చెప్పులు డార్మెటరీలోకి తేకూడదు. తిండికి కొత్తగా ఏమీ అక్కరలేదు. మెత్తటి అన్నం, గంజి నీళ్లు, ఆదివారం గుడ్డు రోజు ఎవరైనా ఇష్టపడి ఇస్తే అర గుడ్డు. పాలు వద్దు, ఇప్పుడు కడుపుకు పడవు. ఎవరి ప్లేటులోదీ బలవంతంగా తీయము.

ఈ వంతుల్లో మొదటి వారం నా పేరు రాసుకోండి. నోటీసు బోర్డు కింద పలక కట్టినాను. ఇష్టమైన వాళ్లు సుద్దముక్కతో పేరు రాయండి. ఇష్టం లేని వాళ్లు రాయొద్దు, మేము ఏమీ అనుకోము. దాన్ని రాయితో కొట్టకుండా ఉంటే అదే పెద్ద సాయం.

తోటలో రాత్రి కాపలా పోయేటప్పుడు మా నాయనకు టార్చిలైటు కంటే ముందు కుక్క దారి చూపిస్తుంది. కుక్క మొరిగితే ఆయన ఆగుతాడు. ఆగినందువల్ల ఒకటి రెండుసార్లు పాము కాటు తప్పింది. కాబట్టి నాకు కుక్కంటే ముద్దు చేసే బొమ్మ కాదు, జతగా పనిచేసే ప్రాణి. ఈ కుక్కపిల్ల కూడా పెద్దదై ఏదో ఒక తోటలో ఎవరి నాయననో కాపాడుతుంది. దానికి కావాల్సింది మూడు వారాలు, ఒక గడియ, కొంచెం బ్లీచింగ్ పౌడర్, రోజుకు ఇద్దరు.

ఆదివారం మీటింగులో చేతులు ఎత్తేటప్పుడు దయచేసి ఈ తేడా గుర్తు పెట్టుకోండి. తప్పులు ఉంటే తెలుగు మేడమ్ సరిదిద్దగలరు. అభిప్రాయం తప్పు అనిపిస్తే పక్కన కాగితం అంటించి జవాబు రాయండి, చదువుతాను.

ఇట్లు,
మీ సోదరి,
9వ తరగతి విద్యార్థిని